కంట్లో వేసే లెన్స్‌ని ధర చూసి ఎంచకండి

శుక్లాల ఆపరేషన్‌కి సిద్ధమవుతున్నవాళ్ళు గానీ, వాళ్ళ పిల్లలు గానీ నన్ను మొదట అడిగేది ఒక్కటే, "ఏ లెన్స్ మంచిది?" అని. అడుగుతూనే ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం జేబులోంచి తీస్తారు. అందులో నాలుగైదు వరసల్లో లెన్స్ పేర్లు, వాటి ఎదురుగా ప్యాకేజీ ధరలు. మొదటి వరసకీ చివరి వరసకీ నాలుగింతలు, ఐదింతలు తేడా. ఆ కాగితం చూస్తే ఎవరికైనా అన్నిటికన్నా ఖరీదైనదే మంచి లెన్స్ అనీ, డబ్బు లేనివాళ్ళే మొదటి వరసతో సరిపెట్టుకుంటారనీ అనిపిస్తుంది. ఆ లెక్క నమ్మి, అప్పు చేసి మరీ తమ పనికి అడ్డొచ్చే లెన్స్ వేయించుకున్నవాళ్ళను చూశాను. ఉచిత క్యాంపులో ఆపరేషన్ చేయించుకుని, చూపు చక్కగా ఉన్నా, తమ కంట్లో ఉన్నది నాసిరకమని కుమిలిపోయేవాళ్ళనూ చూస్తున్నాను. ఇద్దరికీ జరుగుతున్నది అన్యాయమే.

నేను డాక్టర్ని కాను. శ్రీకాకుళంలో ఒక కళ్ళజోళ్ళ షాపులో కంటి పవర్ చూసే పని నాది. ఆపరేషన్ అయిన నెలా నెలన్నరకి, కన్ను కుదుటపడ్డాక, అద్దాల చీటీ పట్టుకుని జనం వచ్చేది మా దగ్గరికే. వైజాగ్ పెద్దాసుపత్రుల్లో చేయించుకున్నవాళ్ళు, ఊళ్ళో ప్రైవేటు డాక్టరు దగ్గర చేయించుకున్నవాళ్ళు, బస్సెక్కి క్యాంపుకి వెళ్ళొచ్చినవాళ్ళు, అందరూ అదే కుర్చీలో కూర్చుంటారు. ఎవరి కంట్లో ఏముందో, దానితో ఏం చేయగలుగుతున్నారో, దేనికి ఇబ్బంది పడుతున్నారో అక్కడ తెలిసిపోతుంది. అద్దాలు అమ్ముకునేవాణ్ని కాబట్టి, అద్దాలు అక్కర్లేని లెన్స్ గురించి నేను చెప్పేది కాస్త అనుమానంగానే వినండి. నేను చెప్పే కారణాలు చూసి మీరే తేల్చుకోండి.

ఏ రకం లెన్స్ అనే దానికన్నా ముందు ఎంత పవర్ లెన్స్ అనేది తేలాలి. మనిషి కంట్లో మొట్టమొదటిసారి కృత్రిమ లెన్స్ పెట్టినప్పుడే ఈ సంగతి బయటపడింది. 1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో కంటి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ ఆ ఆపరేషన్ మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధ విమానాల కాక్‌పిట్ కప్పు పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో దిగబడినా, కన్ను వాటిని పెద్దగా వాపు రాకుండా భరించడం ఆయన గమనించారు. అదే జాతి ప్లాస్టిక్‌తో లెన్స్ చేయించారు. దాన్నే పీఎంఎంఏ అంటారు. పదార్థం సరైనదే దొరికింది. పవర్ మాత్రం బాగా తప్పింది. ఆ మొదటి పేషెంట్‌కి మైనస్ 10 దాటిన పవర్ మిగిలిపోయింది, అంటే అంత పవర్ అద్దాలు పెట్టుకుంటే గానీ దూరం కనబడదు.

అంతకు ముందు, ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళపాటు, ఆపరేషన్ అంటే మసకబారిన లెన్స్ తీసేయడమే. దాని బదులు ప్లస్ 10 సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవారు. మన ఊళ్ళలో పెద్దవాళ్ళు నల్లటి మందపాటి ఫ్రేములో వాటిని పెట్టుకుని తిరగడం నా ఈడువాళ్ళందరికీ గుర్తే. వాటిలోంచి చూస్తే ప్రతి వస్తువూ పావు వంతు పెద్దదిగా, ఉన్నచోటికన్నా దగ్గరగా కనిపించేది. మంచినీళ్ళ గ్లాసు అందుకోబోతే చెయ్యి గాల్లోనే ఆగిపోయేది. ఈ రోజు క్యాంపులో వేసే మామూలు లెన్స్ అయినా సరే, ఆ అవస్థ నుంచి మనిషిని పూర్తిగా బయటపడేసింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు ఇది మరిచిపోతున్నారు.

పవర్ సంగతికి వస్తే, పెద్దవాళ్ళ కన్ను ముందు నుంచి వెనక్కి 23, 24 మిల్లీమీటర్ల పొడవుంటుంది. అందులో వేసే లెన్స్ సాధారణంగా 20, 22 పవర్ దగ్గర ఉంటుంది. పొడవు కొలవడంలో 1 మిల్లీమీటరు తేడా వస్తే ఆపరేషన్ తర్వాత రెండున్నర, మూడు దాకా పవర్ మిగిలిపోతుంది. కాంతితో కొలిచే మెషిన్ కంటికి తగలకుండా కొలుస్తుంది, చాలా కచ్చితంగా చెబుతుంది. కానీ మన దగ్గర చాలామంది శుక్లం బాగా ముదిరి, పాప తెల్లబడేదాకా ఆగి వస్తారు. అంత ముదిరితే ఆ కాంతి లోపలికి వెళ్ళదు. అప్పుడు అల్ట్రాసౌండ్ మెషిన్ కొసను నల్లగుడ్డుకి ఆనించి కొలుస్తారు. చెయ్యి కాస్త బరువుగా పడి నల్లగుడ్డు నొక్కుకుందంటే కన్ను ఉన్నదానికన్నా పొట్టిగా లెక్కకొస్తుంది, దాంతో ఎక్కువ పవర్ లెన్స్ పడుతుంది, ఆపరేషన్ అయ్యాక దూరం మసకగా ఉంటుంది. ఇలా మైనస్ 2 పవర్‌తో వచ్చినవాళ్ళలో లక్ష ఖర్చుపెట్టినవాళ్ళూ ఉన్నారు, పైసా పెట్టనివాళ్ళూ ఉన్నారు. ఎంత ఖరీదు లెన్స్ అయినా తప్పు కొలతను సరిదిద్దలేదు.

సముద్రం ఒడ్డు ఊళ్ళవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. భావనపాడు, కళింగపట్నం వైపు నుంచి వచ్చేవాళ్ళలో కంట్లో కండ పెరిగినవాళ్ళు చాలామంది. ఎండ, గాలి, దుమ్ము దానికి కారణాలు. ఆ కండ తెల్లగుడ్డు మీద నుంచి నల్లగుడ్డు మీదకి పాకితే దాని వంపును ఒక పక్కకి లాగుతుంది. లెన్స్ పవర్ లెక్కకి ఆ వంపు కూడా కావాలి. కండ పెద్దదైతే ముందు దాన్ని తీయించుకుని, కన్ను మానేదాకా ఆగి, మళ్ళీ కొలిపించుకుని, ఆ తర్వాతే లెన్స్‌కి వెళ్ళమని డాక్టర్లు చెబుతారు. రెండుసార్లు ఎందుకు, ఒకేసారి కానిచ్చేయండి అని ఇంట్లోవాళ్ళే తొందరపెడుతుంటారు. దయచేసి ఆ తొందర వద్దు.

ఇక ఇండియన్ లెన్స్, ఇంపోర్టెడ్ లెన్స్ అనే మాట. రేటు చెప్పేటప్పుడు మొదట వినపడేది ఇదే. ఏ దేశంలో తయారైందన్నది లెన్స్ రకం కాదు. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ళు 1992లో ఆరోల్యాబ్ పెట్టి ఇక్కడే లెన్స్‌లు చేయడం మొదలుపెట్టారు. అప్పటికి వంద డాలర్లకు అటూఇటూ ఉన్న విదేశీ లెన్స్ ముందు వాళ్ళ లెన్స్ పది డాలర్లకు వచ్చింది. ఇవాళ ఆ లెన్స్‌లు వందకు పైగా దేశాలకు వెళ్తున్నాయి, అంటే అక్కడివాళ్ళకి అవే ఇంపోర్టెడ్. మన దేశంలో పేదవాళ్ళకు ఉచితంగా లెన్స్ వేయడం ఇంత పెద్ద ఎత్తున సాధ్యపడటానికి ఆ ధర తగ్గడం ఒక ముఖ్య కారణం.

అడగాల్సింది దేనితో చేశారు, అంచు ఎలా ఉంది అని. పీఎంఎంఏ లెన్స్ గట్టిది, మడవదు. దాన్ని పెట్టాలంటే 6 మిల్లీమీటర్ల దాకా దారి కావాలి. ఫోల్డబుల్ లెన్స్ మడిచి లోపలికి పంపేది కాబట్టి రెండు, మూడు మిల్లీమీటర్ల మధ్య కోత చాలు. త్వరగా మానడం, కోత వల్ల నల్లగుడ్డు వంపు మారి కొత్తగా సిలిండర్ పవర్ పెద్దగా రాకపోవడం దాని లాభం. అంతమాత్రాన గట్టి లెన్స్ చెడ్డది కాదు. బాగా ముదిరి గోధుమ రంగుకి తిరిగిన శుక్లాన్ని కుట్టు లేని, గట్టి లెన్స్ కూడా పట్టే పెద్ద కోతతో తీసే ఎస్ఐసీఎస్ పద్ధతిలో ఫలితాలు బాగా వస్తాయి. నేపాల్‌లో కంటి డాక్టరు సందూక్ రూయిత్ బృందం 108 మంది మీద ఎస్ఐసీఎస్‌నీ, చిన్న కోతలోంచి అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేసే ఫాకోనీ పోల్చి 2007లో ప్రచురించింది. ఆరు నెలల తర్వాత రెండు గుంపుల్లోనూ 98 శాతం మందికి అద్దాలతో 6/18 చూపు (మంచి కన్ను 18 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం) గానీ, అంతకన్నా మెరుగైనది గానీ వచ్చింది. క్యాంపులో చేయించుకుని దిగులుపడుతున్నవాళ్ళకి నేను ఇదే చెబుతుంటాను.

ఫోల్డబుల్‌లో నీటిని పీల్చుకునే హైడ్రోఫిలిక్, నీటిని అంతగా పట్టనివ్వని హైడ్రోఫోబిక్ అని రెండు రకాలున్నాయి. ఇక్కడ మాత్రం నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టగలిగితే హైడ్రోఫోబిక్‌కే పెట్టమంటాను. లెన్స్ వెనక ఉండే సన్నటి సంచి పొర కొన్నాళ్ళకి మసకబారుతుంది. జనం దాన్ని "మళ్ళీ పొర వచ్చింది" అంటారు, లెన్స్ పాడైందని భయపడతారు. హైడ్రోఫోబిక్ లెన్స్ ఆ సంచికి అతుక్కుని, చదరంగా ఉండే అంచుతో కణాలు లోపలికి పాకకుండా అడ్డుకుంటుంది కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ. వచ్చినా ప్రాణాంతకం ఏమీ కాదు. యాగ్ లేజర్‌తో కోత లేకుండా కొద్ది నిమిషాల్లో ఆ పొరకు దారి చేస్తారు. లెన్స్ మాత్రం అరిగిపోయేది కాదు, మామూలుగా మళ్ళీ మార్పించుకునే పని ఉండదు.

అసలు తగువంతా లెన్స్ చేసే పని దగ్గరే. మామూలు లెన్స్ ఒక దూరానికే స్పష్టంగా చూపిస్తుంది. దాన్నే మోనోఫోకల్ అంటారు. సాధారణంగా దూరపు చూపుకి పెడతారు, దగ్గరికి అద్దాలు తప్పవు. మల్టీఫోకల్, ట్రైఫోకల్ లెన్స్‌లు అద్దాలు లేకుండా దూరం, మధ్య దూరం, దగ్గర చూపిస్తామంటాయి. చాలావరకు చూపిస్తాయి కూడా, అది అబద్ధం కాదు. కానీ కంట్లోకి వచ్చే వెలుగు ఉన్నదంతే. ఒకే కాలవ నీళ్ళు మూడు మడులకు పారించినట్టు, ఆ వెలుగునే మూడు దూరాలకు పంచాలి. ఏ దూరానికీ పూర్తి వెలుగు అందదు. పగలు ఎండలో తేడా తెలియదు. మసక వెలుతురులో, ఒకే రంగు ఛాయల మధ్య తేడా పట్టాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. రాత్రిపూట ఎదురు వచ్చే బండి లైటు చుట్టూ వెలుగు వలయాలు కనబడతాయి. చాలామందికి కొన్ని నెలల్లో అలవాటైపోతుంది, కొందరికి అవదు.

నరసన్నపేట నుంచి ఇచ్ఛాపురం దాటి ఒడిశా దాకా లారీ తోలే ఒకాయన రెండు కళ్ళకీ ట్రైఫోకల్ వేయించుకుని వచ్చాడు. మోటారు ఫీల్డులో మంచి కష్టజీవి. సెల్‌ఫోన్‌లో చిన్న అక్షరాలు గడగడా చదివి చూపించాడు. గోడ మీద బోర్డు ఆఖరి వరస దాకా చదివాడు. కంటికి ఏ వంకా లేదు. "రాత్రి హైవే ఎక్కితే మాత్రం టెన్షన్ సార్. ఒక్కో లైటూ చక్రంలా విచ్చుకుంటాది, బండి ఎంత దూరంలో ఉందో పోల్చలేకపోతున్నాను" అన్నాడు. రాత్రి ట్రిప్పులు మానేశాడు, సంపాదన తగ్గింది, లెన్స్‌కి చేసిన అప్పు అలాగే ఉంది. ఆపరేషన్‌కి ముందు ఏం పని చేస్తారని ఎవరైనా అడిగారా అంటే లేదన్నాడు. షుగర్ ఉందా, బీపీ ఉందా, ఇన్సూరెన్స్ ఉందా అని అడిగారట. ఆ ఒక్క ప్రశ్నా అడగకపోవడాన్ని నేను క్షమించలేను.

పలాస జీడి కార్ఖానాలో పప్పు గ్రేడింగ్ చేసే ఒకావిడది ఇంకో రకం ఇబ్బంది. ఆవిడకి వేసింది క్యాంపు లెన్సే, కొలత సరిగ్గా పడింది, దూరానికి పవరే లేదు. "దూరమంతా బాగా అవుపడతన్నాది బావూ. పప్పు దగ్గరికొచ్చేసరికే ఏటీ తెల్డం లేదు" అంది. చీటీలో రాసిన బైఫోకల్ అద్దాలు పెట్టుకునే అన్నదీ మాట. బల్ల మీద పప్పు ఎలా పోసుకుంటారో, ఎంత దూరంలో కూర్చుంటారో చూపించమన్నాను. మా కౌంటర్ అద్దం మీద చెయ్యి చాపి, వేళ్ళతో గింజలు పక్కకి నెడుతున్నట్టు చేసి చూపించింది. గుండు పప్పు ఇటు, బద్ద అటు, ముక్క మరో పక్కకి. 240 రకం, 320 రకం పరిమాణం బట్టి విడదీయాలి. తెలుపులో కాస్త గోధుమ ఛాయ తిరిగిన గింజ కనబడితే ఏరెయ్యాలి. అంతా అర మీటరు దూరంలో, తల కొంచెమే వంచి. బైఫోకల్‌లో కింది బిళ్ళ అడుగు, అడుగున్నర దూరంలో పుస్తకం చదివేవాళ్ళకి చేసింది, పైగా గడ్డం పైకెత్తితే గానీ బల్ల అందులోకి రాదు. అర మీటరుకి కావాల్సింది ప్లస్ 2. ఆ పవర్‌తో అద్దం మొత్తం ఒకటే పెట్టి, పనికి మాత్రమే వాడుకోమని ఇచ్చాం. మర్నాటి నుంచి మళ్ళీ పనికి వెళ్ళింది. ఆవిడకి ఎవరైనా లక్ష రూపాయల ట్రైఫోకల్ అంటగట్టి ఉంటే, గోధుమ ఛాయ గింజను పట్టే ఆ సన్నటి తేడాయే తగ్గి ఉండేది.

పనిని బట్టి పవర్ పెట్టడం అనే పద్ధతి ఒకటుంది, దానికి ఒక్క రూపాయి అదనంగా అక్కర్లేదు. మామూలు లెన్స్‌నే దూరానికి కాకుండా దగ్గరకి కుదిరేలా పవర్ ఎంచవచ్చు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సన్న నూలు వడికే పెద్దవాళ్ళ సంగతే తీసుకోండి. రోజంతా ఆ చూపు పోగు మీదే ఉంటుంది. అలాంటి ఆవిడకి మైనస్ 2, రెండున్నర మిగిలేలా లెన్స్ వేస్తే రాట్నం ముందు అద్దాలు లేకుండా కూర్చోగలదు, వీధిలోకి వెళ్ళేటప్పుడు దూరపు అద్దాలు పెట్టుకుంటుంది. అందరికీ ఇది నచ్చకపోవచ్చు, కానీ ఎంచుకునే హక్కు ఆవిడకుంది. ఇంకో దారి, ఒక కన్ను దూరానికి, రెండో కంటికి మైనస్ 1 చుట్టుపక్కల మిగిలేలా పెట్టడం. బియ్యంలో రాళ్ళు ఏరడం, ఫోన్‌లో నంబరు చూడటం, కూరగాయల ధర చదవడం లాంటివి చాలామందికి అద్దాలు లేకుండానే గడిచిపోతాయి. రెండు కళ్ళ మధ్య ఆ తేడా కొందరి మెదడు ఒప్పుకోదు, అందుకే అద్దాలతో ముందు కొన్నాళ్ళు పెట్టి చూస్తే మంచిది. ఖరీదు లెన్స్ ఇస్తామన్న దానిలో సగానికి పైగా ఈ పద్ధతి ఇస్తుందని నా అనుభవం. అయినా రేట్ల కాగితంలో దీనికి వరస ఉండదు. అమ్మడానికి ఇందులో ఏమీ లేదు కాబట్టి చెప్పేవాళ్ళూ తక్కువే.

ఖరీదైన వాటిలో నేను మనస్ఫూర్తిగా ఖర్చుపెట్టమనేది టోరిక్ లెన్స్‌కి. నల్లగుడ్డు వంపు అన్ని వైపులా సమానంగా లేనివాళ్ళకి సిలిండర్ పవర్ ఉంటుంది. శుక్లాలవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి ఇది 1 దాటి ఉంటుంది. ఒకటిన్నర, రెండు సిలిండర్ ఉన్నవాళ్ళకి మామూలు లెన్స్ వేస్తే దూరం చూడటానికి కూడా అద్దాలు తప్పవు. టోరిక్ లెన్స్ ఆ తేడాను లోపలే సరిచేస్తుంది, వెలుగును పంచదు, రాత్రి వలయాల బెడద తేదు. కానీ సరైన కోణంలో కూర్చోవాలి. ఒక్కో డిగ్రీ పక్కకి తిరిగితే దాని పనిలో మూడు శాతం పోతుంది, 30 డిగ్రీలు తిరిగితే వేసీ లాభం లేదు. పడుకోబెడితే కన్ను కొద్దిగా తిరుగుతుంది. అందుకే ఆపరేషన్‌కి ముందు మనిషిని నిటారుగా కూర్చోబెట్టి నల్లగుడ్డు అంచున ఇంకుతో గుర్తులు పెడతారు, లేదంటే మెషిన్‌తో ఆ గుర్తు పట్టిస్తారు. టోరిక్ వేయించుకునేవాళ్ళు ఇక్కడ కోణం ఎలా గుర్తిస్తారని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ట్రైఫోకల్ ఎవరికీ వద్దని నేను అనడం లేదు. బ్యాంకులో, ఆఫీసులో కూర్చుని చేసే పని, రాత్రిపూట బండి నడిపే అవసరం లేకపోవడం, రెటీనా (కంటి వెనక తెర), కంటి నరం ఆరోగ్యంగా ఉండటం, కళ్ళజోడు అంటే అసలు పడకపోవడం, చేతిలో అప్పు కాని డబ్బు ఉండటం, ఇవన్నీ కుదిరినవాళ్ళు దానితో హాయిగా ఉన్నారు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్ళకి, కంటి నరాన్ని దెబ్బతీసే గ్లకోమా ముదిరినవాళ్ళకి మాత్రం వద్దనే చెప్పాలి, ఛాయల మధ్య సన్నటి తేడాలు పట్టే శక్తి వాళ్ళ కంటికి ముందే తగ్గి ఉంటుంది. ఈడాఫ్ అని మధ్యరకం లెన్స్ ఉంది. దూరం, మధ్య దూరం బాగానే ఇస్తుంది, సన్న అక్షరాలకి అద్దాలు కావాల్సి రావచ్చు, వలయాలు ట్రైఫోకల్ కన్నా తక్కువ. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళు దీని గురించి డాక్టర్ని అడగవచ్చు.

ఇంకో సంగతి. మల్టీఫోకల్ వేయించుకున్నాక చూపు నచ్చక, దాన్ని తీయించే ఆలోచన ఉంటే, యాగ్ లేజర్ చేయించుకునే ముందే ఆ మాట డాక్టరుతో తేల్చుకోవాలి. సంచి పొరకు దారి చేశాక లెన్స్ మార్చడం కష్టమవుతుంది. చూపు మసకగా ఉందనగానే లేజర్ కొట్టించేసుకుని, ఆ తర్వాత తీయించాలని తిరిగేవాళ్ళకి దారులు తగ్గిపోతాయి.

ఆపరేషన్‌కి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు పేషెంట్ రోజు ఎలా గడుస్తుందో కాగితం మీద రాసుకెళ్ళి డాక్టరు ముందు పెట్టండి. పొద్దున పొలం, మధ్యాహ్నం టీవీ, రాత్రి మోటారు సైకిల్ అని ఉన్నదున్నట్టు రాస్తే చాలు. డాక్టర్లకి తీరిక తక్కువ, నిజమే, అయినా రాసి చూపిస్తే చదవని డాక్టరు అరుదు. అలాగే ప్రతి లెన్స్ పెట్టెలోనూ చిన్న స్టిక్కర్లు వస్తాయి. కంపెనీ, మోడల్, పవర్, సీరియల్ నంబరు వాటి మీద అచ్చు వేసి ఉంటాయి. ఒకటి కేసు షీటుకి అతికిస్తారు, ఇంకొకటి మీ డిశ్చార్జి కాగితానికి ఉండాలి. లేకపోతే అడిగి అతికించుకోండి. క్యాంపు అయినా సరే, అడగడం మీ హక్కు.

రెండో కంటికి వెళ్ళేటప్పుడు ఆ స్టిక్కర్ ఉన్న కాగితం, మొదటి కంటికి నెలన్నర తర్వాత మేం చూసి ఇచ్చిన పవర్ చీటీ, రెండూ తప్పకుండా పట్టుకెళ్ళండి. మొదటి కంట్లో ఎంత పవర్ వేస్తే ఎంత మిగిలిందో చూసి రెండో కంటికి లెక్క సరిచేసుకునే వీలు డాక్టరుకి ఉంటుంది. ఒకటి వైజాగ్‌లో, ఇంకొకటి శ్రీకాకుళంలో చేయించుకునేవాళ్ళకి ఇది మరీ అవసరం. అంత ముఖ్యమైన చీటీని మా కౌంటర్ మీదే వదిలేసి వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని ఇప్పుడు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీయించే పంపుతున్నాం.